నిప్పునకు లొంగని విషము

ఇంటిలో నలుగురు కూర్చుండి భుజించిన పిమ్మట ఇద్దరికి వాంతులైనచో, అందఱి చూపును మొదట వంట చేసిన యామె మీదికే పోవును. కూర సరిగా కడుగలేదేమో, గిన్నెకు కళాయి పోయినదేమో, నిన్నటి పులుసు కలిపినదేమో యని యొకరి వెంట నొకరు ప్రశ్నింతురు. ఆమెయు తన తప్పేమో యని లోలోపల కుమిలిపోవును. ఆ ప్రశ్నలలో న్యాయము లేకపోలేదు. వంటయింటి శుభ్రతవలన తప్పు రోగములు చాల కలవు. కాని యెంత కడిగినను, ఎంత యుడికించినను, చింతపండు పులుసు పోసినను, పసుపు పట్టించినను పోని విషము లోకమున గలదు. దానిని పుట్టించునది పాము గాదు, తేలు గాదు; సముద్రపు నీటిలో తేలియాడు నాచు. ఈ నెల దానినిగూర్చి మా సోదరీమణులకు కొంత చెప్పదలచితిమి.

నాచనగానే మనకు బావిగట్టున పచ్చగ పట్టి కాలు జార్చు పాచి జ్ఞప్తికి వచ్చును. సముద్రములో దీనికి లెక్కలేనన్ని రూపములు గలవు. విశాఖపట్టణమున నీరు తీసిన వేళ ఒడ్డు రాళ్ళను చూచినవారికి, పచ్చని పలుచని రేకులవలెను, ఎఱ్ఱని దారపు కుచ్చులవలెను అంటుకొనియుండు మొక్కలు తెలియును. అవి కంటికి కనబడు నాచులు. కంటికి కనబడనివి వీనికంటె నెన్నియో రెట్లు గలవు. చెంబెడు సముద్రపు నీరు తెచ్చి, అందొక చుక్కను సూక్ష్మదర్శని క్రింద నుంచినచో, గాజు డబ్బీలవంటి గుల్లలలో దాగియున్నవి కొన్ని, సన్నని కొరడాలవంటి తోకలతో గిరగిర తిరుగుచు ఈదునవి కొన్ని అగపడును. మొదటివానిని డయాటములనియు, రెండవవానిని డైనోఫ్లాజెల్లేట్లనియు శాస్త్రజ్ఞులు పిలుతురు. పేర్లు నోరు తిరుగనివే గాని, సముద్రమునకు ఇవియే పచ్చిక. చేపలు మొదలుకొని తిమింగిలముల వఱకు అన్నిటి ఆహారమునకును మూలము ఇచ్చటనే యున్నది. భూమిమీద ఏటేట పుట్టు ప్రాణవాయువులో ఇంచుమించు సగమును ఈ పచ్చికయే యిచ్చుచున్నది. ఇట్టి వేలకొలది జాతులలో విషము చేయునవి బహు స్వల్పము.

ఆ స్వల్పమే మన కంచములోనికి వచ్చు మార్గము గుల్లలును, ఆలుచిప్పలును. కాకినాడయొద్ద సముద్రపు బురదలో గుల్లలేరుట బహుకాలముగ నున్న పని. గుల్లసున్నము మాట మన పెద్దల కందఱకును తెలిసినదే. ఆ గుల్లలోని జీవి మేతకై యెచటికిని పోదు. ఉన్నచోటనే యుండి నీటిని లోనికి పీల్చి, అందలి నాచుకణములను వడియగట్టి తిని, నీటిని వెలికి విడుచును. మలబారువారు కల్లుమ్మకాయ యని ప్రీతితో తిను మస్సెల్ అను నల్లని చిప్ప యొక్కటియే దినమునకు రెండు మూడు బిందెల నీటిని ఇట్లు వడియగట్టగలదు. నీటిలో విషపు నాచు పెరిగిన దినములలో, వడియగట్టిన గుడ్డలో మడ్డి నిలిచినట్లు, ఆ విషము చిప్ప శరీరములో నిలిచిపోవును. చిప్పకు సామాన్యముగ దానివలన బాధ లేదు. దాని రంగు మాఱదు, వాసన మాఱదు, రుచియు మాఱదు. వండినామె దానిని గుర్తించుటకు మార్గమే లేదు.

ఈ సంగతి యెంత ఘోరముగ పరిణమింపగలదో కెనడా దేశమునందు 1987వ సంవత్సరము చివరి మాసములలో తెలియవచ్చెను. ఆ దేశపు తూర్పున ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపమను చిన్న ద్వీపము గలదు. అచ్చట ఏటి మొగలలో త్రాళ్ళకు మస్సెళ్ళను పట్టించి, మనము పందిరికి పాదులను ప్రాకించినట్లు పెంచుదురు. ఆ చిప్పలను తిన్నవారిలో పలువురికి ఒక దినములోపల వాంతులు, కడుపునొప్పి, విరేచనములు ఆరంభమయ్యెను. ఇంతవఱకు చెడిన ఆహారమువలన కలుగు సామాన్య బాధయే యనుకొనవచ్చును. కాని రెండు దినములలో కొందఱికి తీవ్రమైన తలనొప్పియు, దిక్కు తోచని స్థితియు, మూర్ఛలును వచ్చెను. అన్నిటికంటె వింతయు భయంకరమును నైన లక్షణము మఱపు. పూర్వపు సంగతులు కొంతవఱకు నిలిచియుండగా, క్రొత్తవి మనసున పట్టకుండ జారిపోయెను. రోగము నిర్ధారణమైనవారు 107 మంది, వారిలో 19 మంది ఆసుపత్రిపాలైరి, ముగ్గురు మరణించిరి. మరణించినవారు వృద్ధులు. బ్రదికినవారిలో కొందఱికి ఆ మఱపు పూర్తిగా విడువలేదు.

ఈ రోగమునకు కారణమేమో మొదట నెవరికిని తోచలేదు. అనుమానపు చిప్పల సారమును ఎలుకలకు సూదిమందుగా నెక్కించి చూడగా, అవి వెనుకకాలితో భుజమును విడువక గోకికొనుచు చచ్చినవి. అంతవఱకు తెలిసిన చిప్పవిషములలో ఏదియు ఇట్లు చేయునది గాదు. హాలిఫాక్స్ నగరమున జాతీయ పరిశోధన మండలికి చెందిన శాస్త్రజ్ఞులు పని చేతబట్టి, అయిదు దినములు తిరుగకమున్నే విషమును పట్టిరి. అది డొమోయిక్ ఆమ్లము. దానిని చేసినది ఏ కార్ఖానాయు గాదు, ఆ ఏటి మొగలోని డయాటములు. గాజు డబ్బీలోని ఆ జీవులు విషము చేయునని అంతకుముందు ఎవరును ఎఱుగరు.

మన నరములు ఒకదానితో నొకటి సంభాషించుటకు గ్లూటమేట్ అను పదార్థమును వాడుకొనును. డొమోయిక్ ఆమ్లపు రూపము దానికి దగ్గఱ పోలికగలది. తాళములో దూరి తిరుగబడిన మాఱుచెవి మరల ఊడిరాక చిక్కుకొన్నట్లు, ఇది నరపు కణమును తెఱచిపట్టి, ఆ కణము అలసి చచ్చువఱకు దానిని రెచ్చగొట్టును. మెదడులో జ్ఞాపకమును కూర్చు హిప్పోకాంపస్ అను చిన్నభాగమునకు ఈ దెబ్బ యెక్కువగా తగులును. మరణించినవారి మెదళ్ళను పరీక్షింపగా అచ్చటనే కణములు నశించియుండెను.

ఇంతకును ఆ పేరు హాలిఫాక్స్ వారు క్రొత్తగా పెట్టినది గాదు. ముప్పది యేండ్లకు ముందే, 1958లో, టకెమోటో, డైగో యను జపాను శాస్త్రజ్ఞులు ఈ యామ్లమును ఒక ఎఱ్ఱనాచునుండి తీసియుండిరి. టొకునోషిమా యను ద్వీపమున ఆ నాచును డొమోయ్ అందురు. అచ్చటివారు దానిని దేనికి వాడిరో వినినచో మన తల్లులు ఆశ్చర్యపడుదురు: పిల్లల కడుపులోని ఏలికపాములను పడగొట్టుటకు! మనయిండ్లలో వాయువిడంగముల చూర్ణము తేనెతో రంగరించి నాకించినట్లు, జపానులో ఈ నాచును, దీని బంధువగు మఱియొక ఎఱ్ఱనాచును పిల్లలకు ఇచ్చుచుండిరి. ఆ రెండవదానికి వేయి సంవత్సరములకు పైబడిన ఖ్యాతి గలదు. దానినుండి తీసిన కైనిక్ ఆమ్లము 1953లో వెలువడెను. అదే జాతి పదార్థము ఒకచోట బిడ్డల ప్రాణము నిలుపు మందు, ఒకచోట వృద్ధుల జ్ఞాపకమును హరించు విషము. భేదము కొలతలో నున్నది. జపానులో ఒక మోతాదుగా నిచ్చినది సుమారు 20 మిల్లీగ్రాములు. కెనడాలో రోగులు ఒక్క భోజనములో తిన్నది సుమారు 60 మొదలు 290 మిల్లీగ్రాముల వఱకు. చెట్టునుండి వచ్చినది గనుక హాని చేయదని నిస్సంకోచముగ చెప్పువారి మాట మాకు ఎన్నడును రుచింపలేదు. ఆ చెప్పువారు తూనికరాళ్ళ మాట యెత్తరు.

పక్షులును ఈ విషమునుండి తప్పించుకొనలేదు. 1961వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ తెల్లవారుజామున, కాలిఫోర్నియా తీరమున కాపిటోలా యను గ్రామపు జనులు దబదబ చప్పుళ్ళకు మేల్కాంచిరి. సముద్రపక్షులు గుంపులు గుంపులుగ వచ్చి యిండ్ల కప్పులకును, దీపస్తంభములకును కొట్టుకొని నేల రాలుచుండెను. ఆ సమీపమున నివాసముగల హిచ్‌కాక్ అను చలనచిత్ర దర్శకుడు ఈ వార్తయందు చాల ఆసక్తి చూపెను; పక్షులు మనుష్యులపై బడు కథతో అతడు తీసిన చిత్రము 1963లో వచ్చెను. నిజమైన కారణము మాత్రము చాలకాలము తెలియలేదు. ఆ వేసవిలో అదే సముద్రమున పట్టి సీసాలలో భద్రపఱచిన సూక్ష్మజీవులను శాస్త్రజ్ఞులు తిరిగి పరీక్షించి 2012లో ప్రకటించిరి: వాని కడుపులనిండ ఆ విషపు డయాటములే. ఆ సూక్ష్మజీవులను చిన్నచేపలు తినును, చిన్నచేపలను పక్షులు తినును. 1991లో అదే తీరమున పెలికాన్ పక్షులు చచ్చినపుడు, మన నెత్తళ్ళవంటి చిన్నచేపలద్వారా ఈ విషమే వానికి సోకినదని రుజువయ్యెను. చేపకండలో ఇట్టి విషములు సామాన్యముగ చేరవు. చేరినచో ప్రేగులలో చేరును. కాబట్టి చేప తినువారు భయపడనక్కఱలేదు గాని, కడుపు తీసి కడుగు మన యాడువారి యలవాటు మంచిదే.

ఇంతవఱకు విన్నవారు నాచు జాతినంతయు ద్వేషింతురేమో. అట్లు చేయరాదు. దుకాణములలో చైనాగ్రాసు అని అమ్ము తెల్లని పోగులను మీరెఱుగుదురు. పాలలో కాచి చల్లార్చినచో ముద్దకట్టి, కత్తితో కోయ వీలగు తీపివంటకమగును. అది యెఱ్ఱనాచులనుండి తీయబడు అగర్ అను పదార్థము. ఈ వంటింటి వస్తువును వైద్యశాస్త్రమునకు దానము చేసినది ఒక గృహిణి. జర్మనీలో వాల్టర్ హెస్సీ యను వైద్యుడు 1881లో రాబర్ట్ కోచ్ పరిశోధనాలయమున పనిచేయుచుండెను. సూక్ష్మక్రిములను పెంచుటకు వారు జెలటిన్ వాడుచుండిరి. ఎండ కాచిన దినమున అది కరగి నీరై, చేసిన పనియంతయు వ్యర్థమగుచుండెను. అతని భార్య ఫానీ హెస్సీ, భర్త పరిశోధనలకు బొమ్మలు వ్రాసి యిచ్చుచు, ప్రయోగములందును సాయపడుచుండెడిది. నీ తీపివంటకములు ఇంత యెండలోను కరగకుండ ఎట్లున్నవని భర్త యడుగగా, ఆమె అగర్ మాట చెప్పెను. న్యూయార్కులో తన బాల్యమున, జావాలో నివసించివచ్చిన పొరుగింటి డచ్చి వారినుండి తెలిసికొన్న రహస్యమది. అగర్ ఒకసారి గడ్డకట్టినపిమ్మట సుమారు 85 డిగ్రీల వేడి వచ్చువఱకు కరగదు. క్రిములును దానిని సామాన్యముగ తినివేయవు. అప్పటినుండి నేటివఱకు ఆసుపత్రులలో క్రిములను పెంచి రోగము నిర్ణయించుటకు అగర్ పళ్ళెములే ఆధారము. క్షయరోగపు క్రిమినిగూర్చి 1882లో ప్రకటించిన వ్యాసమున కోచ్ అగర్ పేరు చెప్పెను. ఫానీ పేరు చెప్పలేదు. ఇది మాకు విచారము కలిగించు విషయము.

ఈ అగర్ కొఱకు మన దక్షిణదేశమునందే యెందఱో స్త్రీలు కష్టపడుచున్నారు. రామనాథపురము తీరమున, మన్నారు సింధుశాఖలో, పడవలలో పోయి, కండ్లకు అద్దములు తగిలించుకొని, చేతివ్రేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకొని, ఊపిరి బిగబట్టి మునిగి, రాళ్ళనుండి నాచును కోసితెచ్చి యెండబెట్టి అమ్ముదురు. మదురై ప్రాంతపు కార్ఖానాలు దానిని కొనును. మన చైనాగ్రాసు పోగులో ఆ మునుకల శ్రమయు నుండవచ్చును.

నాచు యిచ్చిన మఱియొక భాగ్యము అయొడిన్. 1811లో ఫ్రాన్సుదేశమున బెర్నార్డు కూర్త్వా యను నాతడు సముద్రపు నాచును కాల్చిన బూడిదనుండి తుపాకిమందునకు కావలసిన ఉప్పును తీయుచు, ఆమ్లము కొంచె మెక్కువగా పోయగా, ఊదారంగు ఆవిరి లేచెను. అది అయొడిన్. పదేండ్లలోపల, 1820లో, జినీవా వైద్యుడు క్వాండే దానిని గొంతువాపునకు మందుగా వాడెను. మెడక్రింద వ్రేలాడు ఆ గడ్డ పర్వతప్రాంతపు స్త్రీలను ఎంత పీడించెడిదో, ఆ తల్లులకు పుట్టిన బిడ్డల బుద్ధి యెట్లు మందగించెడిదో పెద్దకథ. మన శ్రీకాకుళమున జన్మించిన వులిమిరి రామలింగస్వామిగారు 1956 మొదలుకొని హిమాలయముల దిగువ కాంగ్డా లోయలో అయొడిన్ కలిపిన ఉప్పును పంచి, గొంతువాపు తగ్గుటను లెక్కలతో చూపిరి. నేడు మీ ఉప్పు పొట్లముపై అయొడిన్ అని వ్రాసియుండుటకు వెనుక నున్న చరిత్రలో ఆ తెలుగువారి కృషి యొక భాగము.

అయినను నాచును పూర్తిగ నమ్మరాదు. పసిఫిక్ మహాసముద్రమున గ్వామ్ అను ద్వీపమునందు, అగర్ ఇచ్చు జాతికి చెందిన యొక ఎఱ్ఱనాచును జనులు ఆహారముగా వాడుచుండిరి. 1991 ఏప్రిల్‌లో దానినే తిని 13 మంది రోగగ్రస్తులైరి, ముగ్గురు మరణించిరి. పలుమాఱులు తినినను హాని చేయని నాచు, ఆ యొక్కమాఱు ప్రాణము తీసెను. దానియందు పట్టువడిన విషమునకు పాలికావెర్నోసైడ్ అని పేరు పెట్టిరి.

ఇక చిప్పల విషములలో నెల్ల పేరుమోసినది సాక్సిటాక్సిన్. ఇది కొరడాతోకలతో ఈదు డైనోఫ్లాజెల్లేట్లు చేయునది. దీని మొదటి స్పష్టమైన వృత్తాంతములలో నొకటి 1793నాటిది. జార్జి వాంకూవర్ అను ఆంగ్ల నావికుడు ఉత్తర అమెరికా పశ్చిమతీరమును కొలుచుచుండెను. జూను 15వ తేదీ ఉదయమున అతని పడవలవారిలో కొందఱు ఒక చిన్న రేవున దిగి, మస్సెళ్ళను కాల్చి తినిరి. కొంతసేపటికి పెదవులును, వ్రేళ్ళును తిమ్మిరెక్కెను. జాన్ కార్టర్ అను నావికుడు రేవు చేరువఱకు తెడ్డు వేయుచునే యుండి, దిగబోయి నిలువలేకపోయెను. ఆ మధ్యాహ్నమే అతడు మరణించెను. తక్కినవారు వేడినీరు త్రాగి వాంతి చేసికొని బ్రదికిరి. ఆ రేవునకు వాంకూవర్ విషపు రేవు అనియు, మృతుని పాతిపెట్టిన అఖాతమునకు కార్టర్ అఖాతమనియు పేరు పెట్టెను. ఆ పేర్లు నేటికిని పటములలో నున్నవి.

ఆ విషము చిప్పలదని నూఱేండ్లకు పైగా తలచిరి. 1927లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 102 మందికి ఇదే బాధ సోకి ఆఱుగురు మరణించినపుడు, సామర్, మేయర్ అను శాస్త్రజ్ఞులు పట్టుదలతో సముద్రపు నీటిని ఏండ్లతరబడి పరీక్షింపసాగిరి. చిప్పలలో విషము పెరిగిన కాలమున నీటిలో ఒకానొక నాచు పెరుగుచున్నదనియు, నాచు తగ్గినపుడు విషమును తగ్గుచున్నదనియు 1937లో ప్రకటించిరి. నేటికిని కాలిఫోర్నియాలో మే 1వ తేదీ మొదలు అక్టోబరు చివరివఱకు ఎవరికివారు మస్సెళ్ళను ఏరుకొని తినుట ఏటేట నిషిద్ధము.

మన దేశమునకు ఇది దూరపు కథ గాదు. 1981లో తమిళదేశమున వాయలూరు అను తీరగ్రామమున గుల్లల కూర తిని 85 మంది ఆసుపత్రి చేరిరి, ముగ్గురు మరణించిరి. 1997 సెప్టెంబరులో తిరువనంతపురము చేరువ విళింజమున మస్సెళ్ళు తిని ఏడుగురు మరణించిరి. ఆసుపత్రులలో చేరినవారు ఐదువందలకు పైమాట. ఆ గ్రామములవారు తమ తాతల నాటినుండి అవే చిప్పలను అవే రాళ్ళనుండి తీసి అదేవిధమున వండుకొన్నవారు. ఐరోపా దేశములు తమకు దిగుమతియగు చిప్పలలో ఒక కిలోకు 0.8 మిల్లీగ్రాముకంటె ఎక్కువ సాక్సిటాక్సిన్ ఉండరాదని పరీక్ష కోరును. ఉదయమున రాయినుండి గీకి తెచ్చి సాయంకాలము పిల్లలకు వండిపెట్టు బెస్త యిల్లాలి గంపలోని చిప్పకు ఏ పరీక్షయు లేదు. ఎగుమతి చిప్పకు గల పాటి విలువ ఆమె బిడ్డలకు లేదా యని మేము ప్రశ్నింపకుండ నుండలేము. తీరపు నీటిలో నాచును వారము వారము చూచి, పెరిగిన దినమున గ్రామమున దండోరా వేయించుట సర్కారునకు అసాధ్యమైన పని గాదు.

ఈ చిన్న మొక్కకు ఇంత విషమెందులకని యడుగవచ్చును. పూర్తి సమాధానము ఇంకను దొరకలేదు గాని, కొంత తెలిసినది. నాచును మేయు రొయ్యజాతి సూక్ష్మజీవులు కొన్ని పదార్థములను నీటిలో విడుచును. ఆ వాసన తగిలినంతనే కొన్ని డైనోఫ్లాజెల్లేట్లు తమ విషమును ఎన్నియో రెట్లు పెంచికొనునని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2015లో చూపిరి. మన కొఱకు చేసిన విషము గాదది; తమ పాలి పులులకొఱకు చేసికొన్నది. కాలము ప్రతికూలమైనపుడు ఈ నాచు గట్టిపెంకుగల విత్తులవలె మాఱి సముద్రపు బురదలో ఏండ్లకొలది నిద్రించి, మంచికాలమున మరల మొలకెత్తును. అందుచే ఒకమాఱు విషము కనబడిన రేవును మఱచిపోరాదు.

నీటి రంగునుబట్టి విషమును కనిపెట్టవచ్చునని కొందఱందురు. ఎఱ్ఱనీరు కనబడిన దినమున చిప్పలను మానుట మంచిదే. కాని రంగు మాఱకుండగనే విషము చేరిన సందర్భములును గలవు. రాత్రి అలలు నీలికాంతితో వెలిగినచో విషమే యని భయపడుటయు సరికాదు. 2019 ఆగస్టులో చెన్నపట్టణపు తీరమున జనులు గుంపులుగ వచ్చి చూచిన వెలుగు నాక్టిలూకా యను జీవిది. మనము చెప్పుకొన్న విషములను అది చేయదు. వంటలో వెండిచెంచా వేసినచో నల్లబడి విషమును చూపుననుట వట్టిమాట. ఉడికించిన నీటిని పాఱబోసినను చాలదు. విషములో కొంత పులుసులోనికి దిగును, మిగిలినది కండలోనే యుండును.

చిప్పలు తిన్నవారికి కొలది నిమిషములలోనో, ఒకటి రెండు గంటలలోనో పెదవులు, నాలుక, వ్రేళ్ళ కొనలు తిమ్మిరెక్కి చీమలు ప్రాకినట్లుండినచో, ఇంటి వైద్యములు చేయుచు కూర్చుండరాదు. తేలిపోవుచున్నట్లుండుట, నడక తూలుట, మాట ముద్దగా వచ్చుట పిమ్మటి లక్షణములు. ఊపిరితీయు కండరములు చచ్చుబడుటయే మరణమునకు కారణము. ఈ విషపు పరిమాణము ఆవగింజ యెత్తు చాలును. దీనికి విఱుగుడు మందు లేదు. కాని యంత్రముతో ఊపిరి పోయించుచు కాపాడినచో శరీరము తనంతట విషమును వెడలగొట్టును. కాబట్టి రోగిని శ్వాసయంత్రముగల ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కదలలేక పడియున్న రోగికి స్పృహ చాలవఱకు ఉండును. చుట్టునున్నవారు ఏడ్చుచు ఆశ వదలుకొన్న మాటలాడుట అతనికి వినబడును. మొదటి దినము గడచినచో సామాన్యముగ ప్రాణభయము తీఱును. తిని మిగిలిన కూరను, పెంకులను పాఱవేయక ఒక గిన్నెలో మూసి వైద్యునివద్దకు కొనిపోవలెను. వంట చేసిన యామెను ఆ సమయమున అడుగవలసిన ప్రశ్న యొకటే: ఆ చిప్పలు ఏ రేవునుండి వచ్చినవి, అదే గంపనుండి ఇంకెవ్వరు కొనిపోయిరి? ఆ యిండ్లలో కూర యింకను పొయ్యిమీద నుండవచ్చును.